బిడ్డ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోవాలి? రిపోర్టులో ఆ అంకెను చదవడం ఎలా

స్కాన్ రిపోర్టు చేతికి రాగానే చాలామంది మొదట వెతికేది ఎఫ్‌హెచ్‌ఆర్ పక్కనుండే అంకెనే. కడుపులో బిడ్డ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెప్పే అంకె అది. 168 అని కనబడితే ఇక టెన్షన్ మొదలు. ఆడపడుచుకి 142 అని రాశారు కదా మనకెందుకింత అనుకుంటారు, ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఒకరు ఆడపిల్లేనంటారు, ఇంకొకరు నీళ్లు సరిగ్గా తాగట్లేదంటారు, ఎవరో ఒకరు గూగుల్లో వెతికి "160 దాటకూడదట" అని స్క్రీన్‌షాట్ పంపిస్తారు. ఆ రాత్రి నిద్ర ఉండదు. పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తితే ఆమె రిపోర్టు ఒక్క క్షణం చూసి "తొమ్మిదో వారమే కదమ్మా, బాగానే ఉంది, ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నావా" అని తర్వాతి పేషెంటును పిలుస్తుంది.

బయట ఇంకా పాతికమంది కూర్చుని ఉంటారు కాబట్టి ఆమె విడమరిచి చెప్పదు. ఆ పని ఇక్కడ చేస్తాను. ఎఫ్‌హెచ్‌ఆర్ అంకెను ఒక్కదాన్నే చూస్తే ఏమీ తేలదు. ఇప్పుడు ఎన్నో వారం, ఆ వేగం ఎంతసేపు అలా ఉంది, బిడ్డ కదలికలు ఎలా ఉన్నాయి, ఈ మూడింటితో కలిపి చూస్తేనే దానికో అర్థం. లేబర్ రూమ్‌లో నర్సుగా నేను రోజూ వినే భయాల్లో చాలావరకు ఈ మూడూ వదిలేసి అంకెను పట్టుకోవడం వల్ల వచ్చినవే. అసలు భయపడాల్సిన చోట మాత్రం చాలామంది ఇంట్లో కూర్చుని ఉంటారు, అదీ నా బాధ.

ముందు వారాల లెక్క సరిచూసుకోండి

మన ఇళ్లల్లో అంతా నెలల లెక్క. "మూడో నెల పడింది" అంటారు, రెండు నిండాయా మూడు నిండాయా అన్నది మళ్లీ అడిగి తెలుసుకోవాలి. స్కాన్‌లో అంతా వారాలే, అవి కూడా చివరిసారి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి లెక్క. రిపోర్టులో సాధారణంగా రెండు లెక్కలుంటాయి. ఒకటి నెలసరి తేదీ ప్రకారం, రెండోది స్కాన్‌లో బిడ్డ కొలత ప్రకారం. నెలసరి సరిగ్గా రానివాళ్లకు, పీసీఓడీ ఉన్నవాళ్లకు అండం ఆలస్యంగా విడుదలవుతుంది కాబట్టి ఈ రెండింటికీ వారం పది రోజుల తేడా రావడం మామూలే. మొదటి మూడు నెలల స్కాన్ అయితే కొలత ప్రకారం వచ్చిన వారాలనే పట్టుకోండి.

ఈ లెక్క ఎందుకు ముఖ్యమంటే, గర్భంలో గుండె వేగం ఒకచోట నిలబడదు. ఆరో వారం దగ్గర, కొట్టుకోవడం మొదలైన కొత్తలో, నిమిషానికి 100 నుంచి 120 దాకా ఉంటుంది. అక్కణ్నుంచి రోజురోజుకీ పెరుగుతూ 8వ వారంలో 150 దాటి, 9వ వారానికి 170, 175 దాకా వెళ్తుంది. మొత్తం గర్భకాలంలో అన్నింటికన్నా ఎక్కువ వేగం అప్పుడే. తర్వాత దిగడం మొదలవుతుంది. 12 వారాలకు 160 అటూ ఇటూ, 14 వారాలకు 150 పైచిలుకు, బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ చేసే 18-22 వారాల్లో 140-150, నెలలు నిండేసరికి 130-140 దగ్గర ఆడుతుంది. అంటే 168 అన్నది 9 వారాలకు చక్కటి అంకె, 36 వారాలకు మాత్రం ఆగి మళ్లీ చూడాల్సిన అంకె.

అసలంత వేగం ఎందుకంటే, మన గుండె అవసరమైతే ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోయగలదు, బిడ్డ గుండె చిన్నది, దానికి ఆ వెసులుబాటు చాలా తక్కువ, రక్తం ఎక్కువ పంపాలంటే వేగం పెంచడమే దానికున్న దారి. వారాలు గడిచేకొద్దీ గుండెకు కళ్లెం వేసే నరాలు ఎదుగుతాయి, వేగం తగ్గుతుంది.

మొదటి స్కాన్‌లో తక్కువగా ఉంటే, అసలు కనబడకపోతే

ఆరో వారం మొదట్లో 100 కంటే తక్కువ, ఏడో వారం వచ్చాక 120 కంటే తక్కువ అయితే డాక్టర్లు దాన్ని నెమ్మదిగా ఉన్నట్టు లెక్కేస్తారు. కొంచెం తక్కువైతే వారం, పది రోజులాగి మళ్లీ స్కాన్ చేస్తారు, అందులో వేగం పెరిగి మామూలుగా సాగిపోయే గర్భాలు ఉన్నాయి. బాగా తక్కువ, 80, 90 లోపు ఉంటే మాత్రం ఆ గర్భం నిలబడే అవకాశం తక్కువ. ఇది చేదు మాటే, కానీ ముందే తెలిసి ఉండటం మంచిది. ఇంకోటి కూడా అంతే నిజం, ఆ దశలో గుండె నెమ్మదించడానికి చాలావరకు బిడ్డ ఎదుగుదలలో మొదటే వచ్చిన లోపం కారణమవుతుంది. మీరు మెట్లెక్కడం వల్లనో, బొప్పాయి ముక్క తినడం వల్లనో, బస్సులో ప్రయాణం చేయడం వల్లనో కాదు.

"హార్ట్ బీట్ రాలేదు" అన్న మాట ఐదో వారం చివర్లోనో ఆరో వారం మొదట్లోనో వింటే వెంటనే కుప్పకూలిపోకండి. పొట్ట మీదినుంచి చేసిన స్కాన్‌లో ఆ వయసు బిడ్డ సరిగ్గా కనబడదు, యోని ద్వారా చేసే స్కాన్‌లో ముందుగా, స్పష్టంగా తెలుస్తుంది. రిపోర్టులో సీఆర్‌ఎల్ అని ఉంటుంది చూడండి, బిడ్డ తల నుంచి పిరుదుల దాకా పొడవు. యోని ద్వారా చేసిన స్కాన్‌లో అది 7 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉండి కూడా గుండె కొట్టుకోవడం లేదంటేనే గర్భం ఆగిపోయిందని తేలుస్తారు. అంతకన్నా చిన్నగా ఉంటే 7 నుంచి 14 రోజులాగి మళ్లీ చూడాలి. కాబట్టి 4 మిల్లీమీటర్ల బిడ్డను చూసి అదే రోజు మాత్రలు వేసుకోమనో, శుభ్రం చేయించుకోమనో ఎవరైనా అంటే "ఇంకో స్కాన్ తర్వాత నిర్ణయిద్దామండీ" అని అడిగే హక్కు మీకుంది, అడగండి. ఒక్క మినహాయింపు: పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, బాగా బ్లీడింగ్ అవడం, ఇవి ఉంటే ఎదురుచూడకూడదు, గర్భం ట్యూబులో ఉందేమో అప్పటికప్పుడు తేల్చాలి.

110 కరెక్టా, 120 కరెక్టా?

20 వారాలు దాటాక అందరూ చెప్పే హద్దు 110 నుంచి 160. అయితే పీహెచ్‌సీలో ఏఎన్‌ఎం 120 నుంచి 160 ఉండాలమ్మా అంటుంది, ఎందుకంటే వాళ్ల శిక్షణలో ఉన్న లెక్క అది. రెండూ తప్పు కాదు. సబ్‌సెంటర్లో మెషీన్లు ఉండవు, కాస్త ముందే జాగ్రత్తపడి పెద్దాసుపత్రికి పంపాలన్న ఉద్దేశంతో కింది హద్దు పైన పెట్టారనుకుంటే సరిపోతుంది. 115 వచ్చి, గుండె వేగం మధ్యమధ్య పెరుగుతూ, బిడ్డ చక్కగా కదులుతుంటే, ముఖ్యంగా డేట్ దగ్గరపడ్డ లేదా దాటిన వాళ్లకైతే, అది చాలాసార్లు ఆ బిడ్డ మామూలు వేగమే.

వినే పద్ధతి గురించి కూడా నాలుగు మాటలు. చేత్తో పట్టుకుని పొట్ట మీద పెట్టే చిన్న మెషీన్, డాప్లర్‌లో 12 వారాల నుంచి వినబడుతుంది. గరాటులా ఉండే ఫీటోస్కోప్‌తో అయితే ఆరో నెల దగ్గరికి రావాలి. బిడ్డ వీపు ఏవైపు ఉంటే ఆవైపు బాగా వినబడుతుంది, తల కిందికి ఉంటే మీ బొడ్డుకు కింద, ఎదురుకాళ్లతో ఉంటే బొడ్డుకు పైన. వినేటప్పుడు నర్సు ఇంకో చేత్తో మీ మణికట్టు పట్టుకుంటే ఆమె పని తెలిసిన మనిషని అర్థం. పొట్ట మీద పెట్టిన మెషీన్ తల్లి రక్తనాళాల చప్పుడునూ అందుకుంటుంది. మీకు జ్వరమో ఆందోళనో ఉండి మీ నాడే 120 కొడుతుంటే, అదే బిడ్డ గుండె అని పొరబడటానికి ఎంతోసేపు పట్టదు. మాయలో రక్తం పారే హుష్ హుష్ చప్పుడు మీ నాడితో కలిసి నడుస్తుంది, బిడ్డ గుండెది టకటకమంటూ దానికి దాదాపు రెట్టింపు వేగం.

లెక్కపెట్టడం పూర్తిగా ఒక నిమిషం చేయాలి. 15 సెకన్లు విని నాలుగుతో గుణిస్తే ఒక్క దెబ్బ మిస్సయినా 4 తగ్గిపోతుంది, 112 కాస్తా 108 అవుతుంది, ఇంట్లో అందరికీ బీపీ వస్తుంది.

ఎక్కువగా కొట్టుకుంటే

160 దాటడం వేరు, 160 పైన నిలబడటం వేరు. బిడ్డ కాళ్లు ఆడించినప్పుడు వేగం 170, 175 కు ఎగిరి మళ్లీ దిగడం ఆరోగ్యం. ఎగిరింది పది నిమిషాలైనా దిగకుండా అక్కడే ఉంటే అప్పుడు కారణం వెతుకుతారు. నాకు కనిపించినంతవరకు అందులో మొదట చూడాల్సింది తల్లి జ్వరమే. తల్లి ఒంట్లో వేడి పెరిగితే బిడ్డ గుండె పరుగెత్తుతుంది, జ్వరం తగ్గాక అదీ దిగుతుంది. ఉమ్మనీరు పోయి చాలాసేపైన వాళ్లకు జ్వరంతోపాటు ఇది కనబడితే లోపల ఇన్‌ఫెక్షన్ చేరిందేమో అని వెంటనే చూస్తారు, అది చిన్న విషయం కాదు. వాంతులు విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినా, ఆయాసానికి సాల్బుటమాల్ వాడినా, నొప్పులు ఆపడానికి ఇచ్చే ఐసాక్సుప్రిన్, టెర్బుటలిన్ వంటి మందుల వల్లా పెరుగుతుంది. అలాగని ఆయాసం మందు మీ అంతట మీరు మానేయకండి, తల్లికి ఊపిరాడకపోతే బిడ్డకు అంతకన్నా పెద్ద ప్రమాదం. ఏ మందు, ఎప్పుడు తీసుకున్నారో చెబితే చాలు.

థైరాయిడ్ విషయంలో ఒక గందరగోళం ఉంది. మనలో ఎక్కువమంది వాడే థైరాక్సిన్ మాత్ర థైరాయిడ్ తక్కువైనందుకు వేసేది, దానితో ఈ గొడవ లేదు. గ్రేవ్స్ అనే జబ్బుతో థైరాయిడ్ ఎక్కువైన వాళ్లకు మాత్రం వాళ్ల రక్తంలోని యాంటీబాడీలు మాయ దాటి బిడ్డ థైరాయిడ్‌ను రెచ్చగొట్టవచ్చు. ఎప్పుడో ఆపరేషన్ చేయించుకుని ఇప్పుడు మామూలుగా ఉన్నా ఆ యాంటీబాడీలు మిగిలి ఉండొచ్చు కాబట్టి పాత సంగతే కదా అని దాచకండి.

వేగం ఏకంగా 220 దాటి కనబడితే అది గుండెలోని కరెంటు వ్యవస్థకు సంబంధించిన సమస్య. వినడానికి భయంకరంగా ఉన్నా దీనికి మందులున్నాయి. డిగాక్సిన్, ఫ్లెకైనైడ్, సోటలాల్ వంటివి తల్లికి ఇస్తే మాయ ద్వారా బిడ్డకు చేరి గుండెను దారిలో పెడతాయి. ఇది పిల్లల గుండె డాక్టర్లున్న పెద్దాసుపత్రిలో జరగాల్సిన పని.

నెగెటివ్ బ్లడ్ గ్రూపు వాళ్లు యాంటీ డి ఇంజెక్షన్ ఎందుకు తీసుకోవాలో కూడా ఇక్కడే చెప్పాలి. ఆ ఇంజెక్షన్ ఆపేది దీన్నే: తల్లి శరీరం బిడ్డ ఎర్రకణాలపై దాడి చేస్తే బిడ్డకు రక్తం తగ్గిపోతుంది, రక్తం తగ్గితే గుండె వేగం పెంచి నెట్టుకొస్తుంది, మరీ తీవ్రమైతే ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె వేగాన్ని గీతగా గీసే పరీక్ష) కాగితం మీద గీత నున్నగా, ఒకే కొలతలో అలలు గీసినట్టు వస్తుంది. ఆ గీత చూశామంటే మాకు కాళ్లూ చేతులూ ఆడవు.

తక్కువగా కొట్టుకుంటే

ముందు భయం తీరే సంగతి. నాలుగో, ఐదో నెల స్కాన్‌లో మెషీన్ గట్టిగా నొక్కినప్పుడు బిడ్డ గుండె కాసేపు నెమ్మదించి, చేయి తీయగానే కోలుకోవడం మామూలే. ఆఖరి నెలల్లో వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాల మీద పడి మీ బీపీ తగ్గుతుంది, దాంతో బిడ్డ గుండె కూడా. ఎడమ పక్కకు తిరిగితే సర్దుకుంటుంది. బీపీకి వాడే లబెటలాల్ లాంటి మందులు కూడా కాస్త తగ్గించవచ్చు.

110 కంటే కింద పది నిమిషాలకు పైగా నిలిచిపోతే అది వేరే కథ. ఐదారు నెలల గర్భంలో, బిడ్డ బాగానే కదులుతున్నా, గుండె నిదానంగా 50, 60, 70 కొడుతోందంటే గుండె పైగదుల నుంచి కిందిగదులకు కబురు అందడం లేదని అనుమానిస్తారు. దీని వెనక చాలాసార్లు తల్లి రక్తంలోని యాంటీ రో అనే యాంటీబాడీ ఉంటుంది. లూపస్, షోగ్రెన్ (ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బులు) ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ, ఏ జబ్బూ లేని ఆడవాళ్లలో కూడా ఉండవచ్చు. ఉన్నంతమాత్రాన అందరికీ ఇలా కాదు, మొదటిసారైతే నూటికి ఒకరిద్దరికి. ఒక బిడ్డకు ఇలా జరిగి ఉంటే మాత్రం రెండోసారి ఆ అవకాశం చాలా పెరుగుతుంది, అందుకే మళ్లీ గర్భం అనుకునే ముందే డాక్టరుతో మాట్లాడి హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదలుపెట్టించుకోవాలి.

ఆఖరి నెలల్లో, నొప్పుల్లో ఉన్నట్టుండి వేగం పడిపోతే కారణాలు ఇంకోరకం. బొడ్డుతాడు నలగడం, ఉమ్మనీటితోపాటు బొడ్డుతాడు కిందికి జారడం, మాయ ముందే ఊడిపోవడం, పాత సిజేరియన్ కుట్టు విడిపోవడం, నొప్పులు రావడానికి పెట్టే డ్రిప్ ఎక్కువై అవి గ్యాప్ లేకుండా రావడం. ఇవి నిమిషాల మీద నడిచే విషయాలు.

మధ్యమధ్య ఒక దెబ్బ తప్పిపోతోందని, లయ సరిగా లేదని అంటే? ఎక్కువసార్లు అది పైగదుల్లో ముందుగా పడే దెబ్బ, దానంతటదే పోతుంది. ఒకసారి ఫీటల్ ఎకో, అంటే బిడ్డ గుండెను వివరంగా చూసే స్కాన్, చేయించి, అప్పుడప్పుడూ విని చూస్తుంటారు. కాఫీ, టీలు తగ్గించమంటారు.

ఇంకో విషయం, వేగం బాగుందంటే గుండె నిర్మాణం బాగుందని అర్థం కాదు. గుండెలో రంధ్రం ఉన్న బిడ్డకు కూడా 145 చూపిస్తుంది. తల్లికి ముందునుంచీ షుగర్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా పుట్టుకతో గుండె జబ్బు ఉన్నా, మేనరికం అయినా 18-24 వారాల మధ్య ఫీటల్ ఎకో అవసరమా అని అడగండి.

ఎన్‌ఎస్‌టీ కాగితం

ఎనిమిదో నెల దాటాక, బీపీ, షుగర్, ఉమ్మనీరు తగ్గడం, డేట్ దాటడం, కదలికలు తగ్గడం, వీటిలో ఏదున్నా ఎన్‌ఎస్‌టీ పెడతారు. పొట్టకు రెండు బెల్టులు కడతారు. ఒకదానికి జెల్ రాస్తారు, అది గుండె వినేది. గర్భసంచి పైభాగాన పెట్టేదానికి జెల్ ఉండదు, అది పొట్ట బిగుసుకోవడాన్ని పట్టుకుంటుంది. చేతికి ఒక బటన్ ఇచ్చి బిడ్డ కదిలినప్పుడల్లా నొక్కమంటారు. ఫోన్ చూస్తూ అది మర్చిపోకండి, ఎందుకంటే ఈ పరీక్షలో అసలు చూసేది కదిలినప్పుడు గుండె వేగం పెరుగుతోందా లేదా అన్నదే.

కాగితం మీద పై గీత గుండెది, కింది గీత నొప్పులది. పై గీతలో మొదట చూడాల్సింది అది సగటున ఎక్కడ నడుస్తోందన్నది, 110-160 మధ్య ఉండాలి. రెండోది, చాలామందికి తెలియనిది, గీత రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా ఉండాలి, ఆ ఎగుడుదిగుడు 5 నుంచి 25 వరకు. గీత నున్నగా వస్తే 140 ఉన్నా సరే మేం సంతోషించం, గీత చక్కగా ఆడుతుంటే 108 ఉన్నా కాస్త ఊపిరి పీల్చుకుంటాం. మూడోది, పైకి ఎగిరే కొండలు. నడుస్తున్న వేగం కంటే కనీసం 15 ఎక్కువకు ఎగిరి కనీసం 15 సెకన్లు ఉండాలి, 20 నిమిషాల్లో అలాంటివి రెండు వస్తే రియాక్టివ్ అని రాస్తారు, ఇంటికి వెళ్లొచ్చు. 32 వారాల లోపు బిడ్డకు 10 ఎగిరి 10 సెకన్లుంటే చాలు.

నాన్ రియాక్టివ్ అని రాస్తే బిడ్డకు ఏదో అయిపోయిందని కాదు. కడుపులో బిడ్డ నిద్రపోతుంది, ఒక్కో నిద్ర 20 నుంచి 40 నిమిషాలు, అప్పుడు ఏ కొండలూ రావు. అందుకే ఇంకో 20 నిమిషాలు పొడిగిస్తారు, పొట్ట మీద చప్పుడు చేసే బజర్ పెట్టి లేపుతారు, అప్పటికీ కాకపోతే స్కాన్ చేసి ఉమ్మనీరు, కదలికలు, రక్తప్రసారం చూస్తారు. "జ్యూస్ తాగి రండి, బిడ్డ కదులుతుంది" అని మేమే పంపిస్తుంటాం, దానివల్ల ఫలితం మారుతుందని పరిశోధనల్లో అయితే తేలలేదు. ఖాళీ కడుపుతో గంటసేపు పడుకోకుండా తినేసి రావడం మాత్రం మీ ఒంటికి మంచిది.

రెండు ఆసుపత్రుల కాగితాలు పక్కపక్కన పెట్టి పోల్చకండి. కాగితం నిమిషానికి 1 సెంటీమీటరు కదిలే మెషీన్లున్నాయి, 3 సెంటీమీటర్లు కదిలేవీ ఉన్నాయి, ఒకే బిడ్డ గీత ఒకదాంట్లో కొండలా, ఇంకోదాంట్లో మెట్టలా కనిపిస్తుంది. గీత మధ్యలో తెగిపోవడం కూడా గుండె ఆగడం కాదు, బిడ్డ పక్కకు జరిగింది, బెల్టు సర్దాలి.

"గుండె తగ్గుతోంది, ఆపరేషన్ చేయాలి" అన్నప్పుడు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అందుకే ఈ మాట వినగానే ఇంట్లోవాళ్లకు అనుమానం వస్తుంది. ఆ అనుమానాన్ని నేను తప్పుపట్టను. ఏ రిస్కూ లేని తల్లికి కాన్పు మొత్తం మెషీన్ తగిలించి ఉంచితే పుట్టాక ఫిట్స్ వచ్చే పిల్లల సంఖ్య తగ్గిందిగానీ శిశుమరణాలు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూచేతుల కదలిక సరిగా రాకపోవడం) తగ్గినట్టు తేలలేదు, సిజేరియన్లు మాత్రం పెరిగాయి. అలాంటివాళ్లకు నొప్పుల్లో 15-30 నిమిషాలకోసారి, బిడ్డను నెట్టే దశలో 5 నిమిషాలకోసారి వింటే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

నొప్పి వచ్చినప్పుడు వేగం తగ్గడంలో కూడా రకాలున్నాయి. నొప్పితోపాటే తగ్గి నొప్పితోపాటే కోలుకుంటే బిడ్డ తల నొక్కుకుంటోంది, ఫర్వాలేదు. ఠక్కున పడి ఠక్కున లేస్తుంటే బొడ్డుతాడు నలుగుతోంది, ఎన్నిసార్లు, ఎంతసేపు అన్నదాన్ని బట్టి ఉంటుంది. నొప్పి మొదలయ్యాక కాసేపటికి తగ్గడం మొదలై, నొప్పి పోయాక కూడా నిదానంగా కోలుకుంటూ, ప్రతి నొప్పికీ అలాగే వస్తుంటే, పైగా గీత నున్నబడితే బిడ్డకు ఆక్సిజన్ చాలడం లేదు. ఆ చివరిదానికే మేం పరుగెత్తేది. మెడకు పేగు చుట్టుకుందన్న ఒక్క కారణంతో ఆపరేషన్ అంటే మాత్రం, అలా చుట్టుకునే మామూలుగా పుట్టే పిల్లలు బోలెడంతమంది.

అడగాల్సినవి ఇవి: ఎంత తగ్గింది, ఎంతసేపు, మళ్లీ కోలుకుంటోందా? ఎడమ పక్కకు తిప్పి, డ్రిప్ ఆపి చూశారా? ఉమ్మనీరు ఎలా ఉంది, బిడ్డ లోపలే మోషన్ పోయిందా? కాన్పు ఎంత దూరంలో ఉంది? ఇవి ఒక్క నిమిషంలో అడిగి జవాబు వినగలిగేవి. కానీ వేగం పడిపోయి కొన్ని నిమిషాలుగా లేవడం లేదని చెబితే, లేదా బొడ్డుతాడు జారిందంటే, మేనమామ వచ్చేదాకా ఆగమనడం, మంచి గడియ చూడటం, ఇంకో ఆసుపత్రికి ఫోన్ చేయడం వద్దు. సంతకం పెట్టేయండి.

ఇంట్లో డాప్లర్, ఫోన్ యాప్

కొనకండి. ఫోన్ మైకుతో బిడ్డ గుండె వినిపిస్తామనే యాప్‌లను అస్సలు నమ్మకండి. ఆన్‌లైన్లో దొరికే డాప్లర్‌తో ఒకరోజు వినబడకపోతే అర్ధరాత్రి ఏడుపులు, అది పోనీ. అసలు ప్రమాదం వినబడినప్పుడే. కదలికలు తగ్గాయని అనుమానం వచ్చిన తల్లి మెషీన్ పెట్టుకుని, టకటక వినబడిందని నిమ్మళంగా పడుకుంటుంది, అది మాయ చప్పుడో తన నాడో అయి ఉండొచ్చు, బిడ్డదే అయినా ఇబ్బందిలో ఉన్న బిడ్డ గుండె కూడా అప్పటికి కొట్టుకుంటూనే ఉంటుంది. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ కూడా 2014లో వీటిని ఇళ్లల్లో వాడొద్దని హెచ్చరించింది.

140 దాటితే ఆడపిల్ల, తక్కువైతే మగపిల్లాడు అన్నది ఒట్టి మాట. అంకెకూ ఆడామగకూ సంబంధం లేదు. స్కాన్ చేసేవాళ్లను ఆ వంకతో గుచ్చి గుచ్చి అడగకండి, ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం.

ఇంట్లో చూడాల్సింది కదలికలు

28 వారాల నుంచి రోజూ ఒక సమయం పెట్టుకోండి, భోజనం చేశాక అయితే వీలు. ఎడమ పక్కకు తిరిగి పడుకుని, టీవీ కట్టేసి, పొట్ట మీద చేయి వేసుకుని లెక్కపెట్టండి. తన్నడం, దొర్లడం, తోయడం అన్నీ లెక్కే, ఎక్కిళ్లు మాత్రం కాదు. రెండు గంటల్లో 10 రావాలి, చాలామందికి అరగంటలోనే వచ్చేస్తాయి. మీ ఆసుపత్రివాళ్లు వేరే లెక్క చెప్పి ఉంటే అదే పాటించండి. అంకె కన్నా ముఖ్యం మీ బిడ్డ అలవాటు. రోజూ రాత్రి పడుకోగానే గోల చేసే బిడ్డ రెండు రోజులుగా మందకొడిగా ఉందంటే లెక్క పదికి చేరినా సరే వెళ్లి చూపించుకోవాలి.

"నెలలు నిండాయి కదా, చోటు చాలక కదలట్లేదులే" అని పెద్దవాళ్లు అంటారు. నా అభిప్రాయంలో మన ఇళ్లల్లో అన్నింటికన్నా ప్రమాదకరమైన ఓదార్పు ఇదే. ఆఖరి నెలలో తన్నే తీరు మారుతుంది, గట్టి తన్నుల బదులు తోపులు ఎక్కువవుతాయి, సంఖ్య మాత్రం తగ్గకూడదు. చల్లటి నీళ్లు తాగి, స్వీటు తిని, రేపటిదాకా చూద్దాం అనుకోవడం కూడా వద్దు, అదే రోజు వెళ్లాలి.

కదలికలు తగ్గడమే కాదు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పరుగెత్తాలి: బ్లీడింగ్, ఉమ్మనీరు కారడం, అది ఆకుపచ్చగా ఉండటం, పొట్ట రాయిలా బిగుసుకుపోయి వదలకపోవడం, జ్వరం, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం. బండి లేకపోతే 108కి చేయండి. కింద ఏదో తాడులా తగిలిందంటే బొడ్డుతాడు జారిందని, దాన్ని ముట్టుకోకుండా, లోపలికి నెట్టకుండా, మోకాళ్లూ మోచేతుల మీద వంగి నడుము పైకెత్తి ఉంచి అంబులెన్స్ వచ్చేదాకా అలాగే ఉండాలి. టెన్షన్ లేని మామూలు చెకప్ అయితే ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద డాక్టరు ఉచితంగా చూస్తారు.

వెళ్లేటప్పుడు ఎంసీపీ కార్డు (చెకప్‌ల వివరాలు రాసే తల్లీబిడ్డల కార్డు), మొదటి స్కాన్ రిపోర్టు, పాత ఎన్‌ఎస్‌టీ కాగితాలు, వేసుకుంటున్న మాత్రల షీట్లు తీసుకెళ్లండి. ఎన్‌ఎస్‌టీ కాగితం మీది గీత కొన్నాళ్లకు వెలిసిపోతుంది, ఇచ్చిన రోజే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. క్యాజువాలిటీలో "కొంచెం నలతగా ఉందండీ" అంటే వరసలో కూర్చోబెడతారు. "ముప్పై ఆరో వారం, పొద్దుటి నుంచి బిడ్డ కదలడం లేదు" అని అనండి, అప్పుడు నేరుగా లేబర్ రూమ్‌కే పంపిస్తారు.